పల్లం మడి చలిగంటలు

తెర 2వ రోజు

నిన్న మధ్యాహ్నం ఆకాశంలో సూర్యుడికి అడ్డంగా తెర వేశారు. అప్పటిదాకా నెత్తి మాడ్చిన సూర్యుడు పాత రాగి పళ్ళెంలా మారిపోయాడు. ఇంకో తొంభై రోజులు ఇంతే. నా చిన్నప్పుడు తెర పడిన రోజున అమ్మ మమ్మల్ని గడప దాటనిచ్చేది కాదు. ఇప్పుడు మా ఏనుగుమిట్టలో ఎవరూ తలెత్తి చూడరు. పెట్టెల్లోంచి స్వెట్టర్లు తీసి దులుపుకుంటారు, అంతే.

పొద్దున, లేత మొలకలు కోసుకు తినే పిల్లిమొలక మళ్ళలో పండిపోయిన ఆకును నేలమట్టానికి కోశాం. పోయినేడు కప్పిన గడ్డి కూడా లాగేశాం. చలికాలం మొదట్లో గడ్డ మీద ఏమీ ఉండకూడదు. నేలలోకి చలి దిగాలి, గడ్డ నిద్రపోవాలి.

వాలు మడి నాది. పల్లం మడి మునిలక్ష్మిది. రెండు మళ్ళల్లో నేల చలి కొలిచే చలిమేకులు దిగేసి, నా గదిలోని పలక మీద అంకెలు పడుతున్నాయో లేదో చూసుకున్నాను. పడుతున్నాయి. చలి లెక్క పుస్తకం రాయడం నాకు ఇది పన్నెండో ఏడు.

పల్లంలో మేకు దిగేసేటప్పుడు రెడ్డెప్ప మామ తల్లిగడ్డలు కనిపించాయి. ఇరవై రెండేళ్ళ గడ్డలు, తాంబాలమంత వెడల్పు. ఈ మిట్ట మీదికి పిల్లిమొలక తెచ్చిందే ఆయన. ఆయన దగ్గర పద్దెనిమిదేళ్ళు పని నేర్చుకున్నాను. మోకాళ్ళు పట్టేసి పని మానుకున్న రోజున పుస్తకం నా చేతిలో పెట్టాడు. గడ్డలు మాత్రం నిరుడు తవ్వించి, నాలుగేళ్ళ కిందట కింది ఊళ్ళనుంచి వచ్చిన ఆ మునిలక్ష్మికి ఇచ్చాడు.

చలి లెక్కకు సంబంధం లేని సంగతి ఇది. అయినా రాశాను. కొట్టేయను.

తెర 19వ రోజు

పల్లం 190 చలిగంటలు. వాలు 118.

కొత్తగా ఈ పుస్తకం చదివేవాళ్ళ కోసం: నేల ఒకటి నుంచి ఏడు డిగ్రీల మధ్య ఉన్న ప్రతి గంటా ఒక చలిగంట. ఆరువందలు నిండితే గడ్డకు నిద్ర తీరినట్టు. నిండకముందు వారం రోజులు ఎండ కాసినా అది కన్ను తెరవదు, ఆ తర్వాత లేచినా ఒకటి రెండు మొలకలతో అరకొరగా లేస్తుంది. నిండాక నాలుగు రోజుల వెచ్చదనం చాలు, మొలకలు తోసుకొస్తాయి. అందుకే నిండిన రోజునే మడి మీద మూరెడు మందాన వరిగడ్డి కప్పి, లోపలి చలిని లోపలే ఆపాలి. తెర తీశాకే గడ్డి తియ్యాలి. నిండిన రోజు ఏదో మడివాళ్ళకు చెప్పడం నా పని.

పల్లంలో చల్లగాలి నీళ్ళలా వచ్చి నిలుస్తుంది. అందుకే ఆ నేలను ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. ముల్లంగి కూడా బిగుసుకుపోయే చోటు. దాన్ని మునిలక్ష్మి అడిగి తీసుకుంది. అందరం నవ్వాం. నేను కొంచెం ఎక్కువే నవ్వాను.

తెర 34వ రోజు

పల్లం 352. వాలు 212.

మునిలక్ష్మి పొద్దున గదికి వచ్చింది. ఉడికించిన చిలగడదుంపలు గిన్నెలో తెచ్చింది. వారానికోసారి వచ్చి అంకె అడుగుతుంది, తన చీటీలో రాసుకుంటుంది. నేను చెప్పింది మళ్ళీ చూడదు. పలక వైపు తొంగి కూడా చూడదు.

మధ్యాహ్నం, ఊరందరికీ కలిపి వండే పొత్తుల వంటింట్లో ఓబులేసు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడాడు. వంటింటి బాధ్యత ఆయనదే. అరవై రెండు ఇళ్ళకు తెర తీశాక వచ్చే మొదటి నెల గురించి ఆయన దిగులు. ఆ నెలలో గింజలు ఉంటాయి, పచ్చనిది ఏదీ ఉండదు. తెర వేయడం మొదలైన ముప్ఫైమూడో ఏట ఆ నెలలోనే పిల్లల చిగుళ్ళు నెత్తురు కారాయి, ఇద్దరు దక్కలేదు. పచ్చిమొలక ముందుగా ఇచ్చేది పిల్లిమొలక మడి ఒక్కటే. పదకొండేళ్ళు ఆ మొదటి కోత వాలు నుంచే వచ్చింది. గంప నేనే మోసుకొచ్చేదాన్ని. నిరుడు పల్లం నుంచి వచ్చింది. ఆమె గంప దించుతుంటే పిల్లలు చుట్టూ చేరారు.

చిలగడదుంపలు బాగున్నాయి. తినకుండా ఉందామనుకున్నాను, తిన్నాను.

తెర 47వ రోజు

రెడ్డెప్ప మామను చూడ్డానికి వెళ్ళాను. కుంపటి దగ్గర కూర్చుని ఉన్నాడు. కాళ్ళ మీద కంబళి కప్పాను. ఆయన ముందుగా అడిగిన మాట పల్లంలో ఎంత అని. నాలుగువందల తొంభై అన్నాను. కళ్ళు మూసుకుని తల ఊపాడు, పాట వింటున్నట్టు.

వాలు సంగతి అడుగుతాడని కాసేపు కూర్చున్నాను. అడగలేదు. లేచి వచ్చేటప్పుడు, ఆ పిల్లను ఒకసారి రమ్మని చెప్పమన్నాడు.

చెప్పలేదు.

తెర 55వ రోజు

జిల్లా రేడియోలో కబురు. తెర ఈశాన్యం మూల చిరిగింది. అతకడానికి మా వైపు తెర మడవాలి. అరవయ్యో రోజు నుంచి ఆరు రోజులు పూర్తి ఎండ. ఆ తర్వాత మళ్ళీ వేస్తారు. వేసిన మొదటి రాత్రి గట్టి మంచు పడుతుందని, జీవాలను లోపల కట్టుకోమని రెండుసార్లు చెప్పారు.

అంకెలు చూశాను. పల్లం 580. వాలు 348.

నా మడికి ఏమీ కాదు. సగం నిద్రలో ఉన్న గడ్డ ఎండకు కదలదు. పల్లం మాత్రం ఎండకు ముందే నిండుతుంది. నిండిన రోజునే గడ్డి కప్పితే దానికీ ఏమీ కాదు.

తెర 57వ రోజు

పల్లం 603.

మధ్యాహ్నం మునిలక్ష్మి వచ్చింది. పరుగున వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. ఎండ సంగతి విని భయపడి వచ్చింది. గడ్డి మోపులు మడి గట్టు మీద పేర్చి పెట్టుకుందట. కప్పమంటే ఇప్పుడే కప్పేస్తానంది.

“నిండిందా అక్కా?”

నేను పలక వైపు తిరిగాను. 603 అనే అంకె ఎర్రగా వెలుగుతోంది. దానికి నా వీపు అడ్డం ఉంది.

“ఇంగా లేదు. ఐదువందల అరవై ఆరు.”

“ఎండ వచ్చేలోపల నిండదా?”

“నిండదు. ఇప్పుడు కప్పితే ఉన్న చలి కూడా తగలదు. అట్లనే తెరిచి పెట్టు. నిద్ర తీరని గడ్డను ఎండ ఏం చేస్తాది?”

ఆమె చీటీలో 566 అని రాసుకుంది. నాకు దండం పెట్టినంత పని చేసి వెళ్ళిపోయింది.

ఈ పుస్తకంలో మాత్రం నేను ఎప్పుడూ తప్పు అంకె రాయలేదు. ఇప్పుడూ రాయను. పల్లం 603.

తెర 59వ రోజు

పల్లం 624. ఆమెకు 588 అని చెప్పాను.

రెండు రోజులూ నిజం చెబుదామనే అనుకున్నాను. నిన్న పొద్దున పల్లం దాకా వెళ్ళాను కూడా. ఆమె మడి గట్టు మీద కూర్చుని, వంటింటి నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళకు తల్లిగడ్డలు చూపిస్తోంది. మామ మాటలే, మామ చెయ్యి తిప్పే తీరే. “దీన్ని పలకరించాల, అదిలించగూడదు” అని ఆయన నాకు చెప్పిన మాట ఆమె నోట్లో విన్నాను. వెనక్కి వచ్చేశాను.

తెర 63వ రోజు

ఎండ నాలుగో రోజు. జనం పైబట్టలు విప్పి గోడల వెంట కూర్చున్నారు. కోళ్ళు దుమ్ములో పొర్లుతున్నాయి.

పల్లంలో మొలకలు లేచాయి. వేలెడు లావు, ఊదా రంగు తలలు, మడి నిండా. ఒక్కో తల్లిగడ్డ నుంచి పదిహేను, ఇరవై. ఇన్నేళ్ళలో అంత ఒత్తుగా, అంత ఒకేసారి లేవడం నేను చూడలేదు. చలి నిండుగా తిన్న గడ్డ అలాగే లేస్తుంది.

చూడ్డానికి వచ్చినవాళ్ళు సంతోషపడ్డారు. మునిలక్ష్మి పడలేదు. ఉన్న గడ్డి అంతా తెచ్చి కప్పుతోంది. లేచిన మొలక మీద గడ్డి నిలవదు, ఒరిగిపోతుంది. దుప్పట్లు తెచ్చింది, తన ఇంట్లోవి. నన్ను చూసి, నిద్ర తీరకుండానే ఎట్ల లేచినాయక్కా అని అడిగింది. తెలియదన్నాను.

నా మడి వెళ్ళి చూసుకున్నాను. నల్లటి మన్ను. ఒక్క పగులు లేదు.

తెర 66వ రోజు

నిన్న సాయంత్రం తెర వేశారు. రాత్రి మంచు పడింది, మైనస్ నాలుగు.

పొద్దున పల్లంలో ఒక్క మొలక నిలబడి లేదు. దుప్పట్ల కింద కూడా ఉడికించిన తోటకూర కాడల్లా వాలిపోయాయి. మధ్యాహ్నానికి నల్లబడి జారిపోయాయి. మునిలక్ష్మి ఏడవలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కదాన్నీ గోటితో తుంచి గంపలో వేసింది. కుళ్ళు గడ్డలోకి దిగకూడదని. మూడు గంపలు నిండాయి.

పన్నెండేళ్ళు మొదటి కోత గంప కోసం చూసినదాన్ని. ఆ గంపల వైపు చూడలేకపోయాను.

తెర 67వ రోజు

రెడ్డెప్ప మామను ఇద్దరు చేతులమీద పల్లానికి తీసుకొచ్చారు. గట్టు మీద కూర్చోబెడితే, కర్రతో ఒక గడ్డ పక్కన మన్ను గీకించాడు. చచ్చిన మొలకల మొదళ్ళ పక్కన, గోధుమగింజంత కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి.

“ముందు కన్ను బతికున్నంత కాలం పక్క కన్నును లేవనీదు. ముందుది పోయింది గాబట్టి ఇవి లేస్తాయి. సన్నగా వస్తాయి, ఆలస్యంగా వస్తాయి. వస్తాయి మాత్రం. ఇప్పుడే కప్పండి.”

తర్వాత ఎన్ని చలిగంటలకు లేచాయని అడిగాడు. మునిలక్ష్మి చీటీ చూసి ఐదువందల ఎనభై ఎనిమిది అంది. ఆయన నా వైపు తిరిగాడు.

“ఐదువందల ఎనభై ఎనిమిదేనా, వెంగమ్మా?”

అవునన్నాను.

అందరూ గడ్డి తేవడానికి వెళ్ళాక ఆయన, నా ముఖం చూడకుండా, ఆ గడ్డలు ఆ పిల్లకు తను ఎందుకిచ్చాడో నాకు తెలిసే ఉంటుందనుకున్నానన్నాడు. తెర ఏటేటా పలచబడుతోందట. వాలు మీద తొంభై రోజులకు ఆరువందల డెబ్బై వచ్చేది, తర్వాత ఆరువందల ఇరవై, నిరుడు ఐదువందల అరవై.

“మనిషిని చూసి ఇయ్యలేదు, చలిని చూసి ఇచ్చినా. నువ్వు రాసిన అంకెలే గదా. నువ్వు చూడలేదా?”

గదికి వచ్చి పాత పుస్తకాలన్నీ తీశాను. ఉన్నాయి. నా చేతిరాతే. ఏటేటా తగ్గుతూ, వరసగా. పన్నెండేళ్ళు రాశాను, ఒక్కసారి కూడా ఒకదాని కింద ఒకటి పెట్టి చూడలేదు.

ఆ సంగతి తెలిస్తే కడుపు చల్లబడుతుందనుకున్నాను. చల్లబడలేదు. ఆయన నన్ను తక్కువ చేయలేదని తెలిసింది, నిజమే. కాని గడ్డలు ఇంకా ఆమెవే.

తెర 68వ రోజు

పొత్తుల వంటింట్లో సమావేశం. ఓబులేసు మొదలుపెట్టాడు. పల్లం మడి నిద్ర తీరకుండానే గడ్డను లేపింది కాబట్టి ఆ నేల నమ్మదగింది కాదు. ఐదువందల ఎనభై ఎనిమిదికి లేపింది, రేపు ఐదువందలకే లేపుతుంది. తల్లిగడ్డలు ఇప్పుడే, నిద్రలో ఉండగానే తవ్వి వాలు మడికి మార్చాలి. వాటిని చూసుకోవడం నాకు అప్పగించాలి. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. అనుభవం ఉన్న మనిషి అని రెండు గొంతులు వినిపించాయి.

మునిలక్ష్మి లేచి నిలబడింది.

“నా తెలివితక్కువతనమే. నేలను నేను అర్థం చేసుకోలేకపోయినా. అక్క దగ్గరైతే అవి బతుకుతాయి.”

అప్పుడు నాకు కలిగింది సిగ్గు అని రాస్తే మర్యాదగా ఉంటుంది. మొదట కలిగింది సంతోషమే. ఇరవై రెండేళ్ళ గడ్డలు నా మడిలో. ఎక్కడ నాటాలో, ఎంత దూరంలో నాటాలో కూడా ఒక్క క్షణంలో కళ్ళముందు ఆడింది. పలుగు ఎప్పుడు తెమ్మంటారు అని అడగబోయాను కూడా.

ఆ వెంటనే అంకె గుర్తుకొచ్చింది. ఈ ఏడు వాలు మీద ఐదువందల ముప్ఫై దాటదు. అవి నా దగ్గర సగం నిద్రతో లేస్తాయి. ఒకటి రెండు మొలకలు, పుల్లల్లాంటివి. మరుసటేడు ఇంకా తక్కువ. నాలుగేళ్ళలో తాంబాలమంత గడ్డలు పిడికెడైపోతాయి. వాటితో పాటు అరవై రెండు ఇళ్ళ మొదటి నెల. మంచి గడ్డలను చెడ్డ చోటికి మార్చేది నేను చెప్పిన ఆ ఒక్క అంకే.

పుస్తకం నా ఒళ్ళో ఉంది. యాభై ఏడో రోజు పేజీ తెరిచి ఓబులేసు ముందు పెట్టాను. చదవమన్నాను. ఆయన పైకి చదవలేదు, చదివి నా వైపు చూశాడు. అప్పుడు నేనే చెప్పాను.

“ఆరువందల మూడు. నిండింది. నిండలేదని చెప్పినా. తెలిసే చెప్పినా.”

ఎవరో ఎందుకని అడిగారు. ఓర్వలేక అన్నాను. దానికి ఇంకో మాట ఏదీ దొరకలేదు.

మునిలక్ష్మి మడిచి పెట్టుకున్న చీటీ తీసి చూసుకుంది. నా మాట మీద రాసుకున్న అంకెలన్నీ, వారం వారం. దాన్ని బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయింది.

తెర 71వ రోజు

పలకను నా గదినుంచి తీసి వంటింటి గోడకు బిగించారు. దారిన పోయే ఎవరైనా అంకె చూసుకోవచ్చు. పుస్తకం మాత్రం ఈ కాలం ముగిసేదాకా నన్నే రాయమన్నారు. మధ్యలో చెయ్యి మారితే లెక్క తప్పుతుందని ఓబులేసు అన్నాడు. రోజూ ఆయన నా అంకెను గోడ మీది అంకెతో సరిచూసి సంతకం పెడుతున్నాడు.

తల్లిగడ్డలు పల్లంలోనే ఉంటాయి.

తెర 83వ రోజు

పల్లంలో కొత్త కళ్ళు నిద్రలోనే ఉన్నాయి, గడ్డి కింద. వాలు 486.

వంటింట్లో ఉలవలు మొలకెత్తించే పని అడిగి తీసుకున్నాను. మొదటి నెలకు వేరే దారి లేదు. రోజుకు ఆరు గుడ్డల మూటలు తడిపి వేలాడదీస్తున్నాను. చలికి మొలక రావడం లేదు. మూటలు పొయ్యి గట్టుకు ఆనించి, గంటకోసారి తిప్పుతున్నాను. మునిలక్ష్మి అన్నం పెట్టుకోవడానికి వస్తుంది, వెళ్తుంది. మాట్లాడదు. నేనూ పలకరించడం లేదు. పలకరించే హక్కు నాకు ఉందనిపించడం లేదు.

తెర తీశాక 9వ రోజు

నా మడిలో మొలకలు వచ్చాయి. ముప్ఫై నాలుగు గడ్డలకు నలభై ఒక్క మొలక. పల్లంలో ఇంకా ఏమీ లేదు. తొమ్మిది మంది పిల్లలకు చిగుళ్ళు వాచాయి, ఇద్దరికి నెత్తురు. కోసినవన్నీ ఆ తొమ్మిది ఇళ్ళకే పంపారు. మిగిలినవాళ్ళకు ఉలవ మొలకలు.

గంప నేను మోయలేదు. ఓబులేసు వచ్చి తీసుకెళ్ళాడు.

తెర తీశాక 16వ రోజు

పల్లంలో లేచాయి.

సన్నగా, చీపురుపుల్లల్లా ఉన్నాయి. కాని ఒక్కో గడ్డకు ఎనిమిది, పది. ఊళ్ళో ఉన్నవాళ్ళందరూ వెళ్ళారు. నేనూ వెళ్ళి దూరంగా నిలబడ్డాను. ఎంత సన్నగా ఉన్నా నా మడిలో వచ్చిన వాటికి ఆరింతలు. మంచు తిన్న మడి, ఒకసారి చచ్చిన మడి. అప్పుడు కూడా కడుపులో అదే మంట రేగింది. నేను చేసిన పనికి అది తగ్గి ఉండాల్సింది. తగ్గలేదు.

చిగుళ్ళ నెత్తురు ఆగిందని రాత్రి వంటింట్లో చెప్పుకున్నారు. ఎవరూ దక్కకుండా పోలేదు.

తెర తీశాక 30వ రోజు

రెడ్డెప్ప మామ కబురు పెడితే వెళ్ళాను. మునిలక్ష్మి అక్కడే ఉంది. ఆయన కుంపటి కదిపి నిప్పు చూసుకుంటున్నాడు, మా ఇద్దరినీ కూర్చోమనలేదు. ఆమె నిలబడే మాట్లాడింది.

“పల్లంలో ఇంగా ముప్ఫై నాలుగు గడ్డలకు చోటుండాది. ఆకు పండినాక నీ గడ్డలు తవ్వి ఆడికి తెచ్చుకో.”

ఏంటికి అని అడిగాను.

“నిన్ను క్షమించి గాదు. వాలు మీద అవి పనికి రాకుండా పోతాయి. పిల్లోళ్ళకు తిండి కావల్ల.”

సరేనన్నాను. దుప్పట్లు పాడైపోయినవి నాలుగో ఐదో, అవి నేనిస్తానన్నాను. మూడు అంది. నాలుగు కాదు, ఐదు కాదు, మూడు.

తెర తీశాక 31వ రోజు

ఈ కాలానికి చివరి లెక్క. పల్లం తెర తీసే నాటికి 812. వాలు 528. ఓబులేసు సంతకం పెట్టాడు.

వచ్చే తెర నుంచి ఈ పుస్తకం మునిలక్ష్మి రాస్తుంది. నిన్న వంటింట్లో అందరూ కలిసి ఆమె పేరే చెప్పారు. నేను కూడా చెయ్యెత్తాను. పల్లంలో నా గడ్డలకు వేరే మేకు దిగేస్తారు. వాటి అంకె ఆమె రాస్తుంది, నిండిన రోజు ఆమే వచ్చి చెబుతుంది.

ఆమె తప్పు చెప్పదు. ఒక గంట ఎక్కువా చెప్పదు, ఒక గంట తక్కువా చెప్పదు. అది నాకు బాగా తెలుసు.

దానికే ఇంకా ఓర్వలేకుండా ఉన్నాను.